బయటి పెట్టె వాళ్ళమండి

ఏసీ కొన్నవాళ్ళకి బిగించడానికి వచ్చిన మెకానిక్ ముఖం ఏళ్ళ తరబడి గుర్తుంటుంది. నా ముఖం ఎవరికీ గుర్తుండదు, ఎందుకంటే చూసినవాళ్ళే లేరు. అమలాపురంలో ఒక ఏసీల షాపులో, మెట్ల కిందున్న చిన్న గదిలో, ఫోను ముందు కూర్చుని రిటైరయ్యాను నేను. పేరు ఎవరికీ అక్కర్లేదు. అందరికీ నేను సర్వీసు మేడమ్‌ని.

ఇప్పుడు అలాంటి కుర్చీల్లో కూర్చున్న పిల్లలు చాలామందే ఉన్నారు, ఇది మీకోసమే చెబుతున్నాను. మీకు ఫోనులో యాప్ ఉంది. "మీ ఏసీకి సర్వీసు చేయించవలసిన సమయం వచ్చింది" అని దానంతటదే అందరికీ కబురు పంపేస్తుంది. సంతోషం. నేను ఆ పని నోటితో చేసేదాన్ని. కొత్త ఏసీ బిగించిన ఇంటికి మొదటి ఏడాది ఎప్పుడెప్పుడు మనిషిని పంపాలి, ఈలోగా ఇంటివాళ్ళు ఏం చేసుకోవాలి అన్నది ముందే అనుకుని, వాళ్ళకి చెప్పి, ఒప్పించి, మళ్ళీ గుర్తుచేయడం నా ఉద్యోగం. చెప్పడానికేం, ఎవరైనా చెబుతారు. ఒప్పించడంలోనే ప్రాణం పోయేది. లోపలి జల్లెడ, అదే ఫిల్టరు, తీసి కడుక్కోండమ్మా అంటే, "కొత్తదే కదండి, అప్పుడే మురికేంటండి?" అనేవారు. దసరాకి ఏసీకి బంతిపూల దండ వేసి, మర్నాడు గాలి రావడం లేదని ఫోను చేసినవారూ ఉన్నారు. దండ తీసేస్తే వస్తుందండీ అంటే అమ్మవారికి కోపం వస్తుందేమోనని భయపడ్డారు.

దీనికి తోడు మన కోనసీమకి ఇంకో తిప్పలుంది. గాలిలో ఉప్పు. ఇంటి బయట బిగించే పెట్టెలో సన్నటి రేకులుంటాయి, గదిలోని వేడిని బయటికి తోసేది అవే. వాటి మీద ఉప్పు, దుమ్ము పేరుకుంటే లోపల చల్లబడదు, రేకులూ పాడవుతాయి. అందుకని ముమ్మిడివరం వైపు, సముద్రానికీ చెరువులకీ దగ్గరగా ఉన్న ఊళ్ళవాళ్ళకి బయటి పెట్టెని మంచినీళ్ళతో తరచూ కడిగించుకోమని మరీ మరీ చెప్పేదాన్ని. అయితే కడగడానికి మనిషి ఎక్కడ నిలబడాలో కూడా ముందే చూసుకోవాలని నాకు నేర్పింది ఒక్క ఇల్లే.

ఆ ఇల్లు ముమ్మిడివరం దాటాక ఒక ఊళ్ళో ఉంది. కొబ్బరితోటా, వరిపొలమూ ఉన్న కుటుంబం. ఆ ఇంటి పెద్దావిడ, కూతురు పురిటికి వస్తోందని కొత్త ఏసీ కొన్నారు. బిగించడానికి మా పెద్ద మెకానిక్ వెళ్ళాడు. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఏసీని కూడా "గారు" అనే మనిషి. "ఈయనకి గ్యాస్ సరిపోలేదండి, నీరసంగా ఉన్నారండి" అంటూ చెయ్యి పెట్టేవాడు. చేతిలో మంచి పనితనం ఉంది. ఒక్కటే పిచ్చి, నీడ పిచ్చి. బయటి పెట్టె మీద పడమటెండ పడితే ఆయనకి తన నెత్తి మీద పడినట్టుండేది.

ఆ ఇంట్లో నీడ ఉన్న గోడ ఒక్కటే, ఉత్తరం గోడ. ఆ గోడ అవతల పక్కింటి పెరడు. పక్కిల్లు పెద్దావిడ మరిదిది. ఆ రోజు వాళ్ళిల్లు తాళం వేసి ఉంది, అన్నవరం వెళ్ళారట. "ఇక్కడ నిచ్చెన వేసుకోవచ్చాండి?" అని మా మెకానిక్ అడిగితే పెద్దావిడ, "వేసుకోండి, మనదేనండి, మా మరిదిగారిల్లే" అన్నారు. ఆయన పెరటి దొడ్డిగుమ్మం తోసుకుని వెళ్ళి, నిచ్చెన వేసి, డాబా పిట్టగోడకి కాస్త దిగువగా పెట్టెని ముచ్చటగా బిగించి వచ్చేశాడు. "అంత చల్లటి గోడ నేనెక్కడా చూడలేదండి చెల్లెమ్మగారూ" అని సాయంత్రం నాతో గొప్పగా చెప్పాడు కూడా.

తర్వాత కొన్నాళ్ళకి ఒక ఫోను వచ్చింది.

"ఏసీ షాపేనాండి? మీ నంబరు ఈ పెట్టె మీద అంటించుందండి."

"ఆయ్, చెప్పండమ్మా. ఏసీలో ఏమైనా ఇబ్బందాండి?"

"ఏసీ నాది కాదండి. వేడిగాలి మాత్రం నాకే వస్తోందండి."

మరిదిగారి భార్య ఆవిడ. చిన్నావిడ అందాం. పెరట్లో బట్టలారేసుకునే తీగ మీదికీ, మిరప మొక్కల మీదికీ తిన్నగా ఊదుతోందట మా పెట్టె. తాము ఊళ్ళో లేనప్పుడు గోడ మీద ఇలాంటిది మొలిస్తే ఎవరికైనా మండదా అని అడిగారు. మండుతుందని ఒప్పుకున్నాను. పక్కవాళ్ళతో ఒకసారి మాట్లాడి చూడండి అన్నాను.

"మాకు వాళ్ళతో మాటల్లేవండి" అన్నారావిడ, కరెంటు లేదండి అన్నంత మామూలుగా.

పెద్దావిడకి ఫోను చేశాను. పెట్టెని వేరే గోడకి మారుద్దామా అంటే ఇంతెత్తున లేచారు. "గోడ మాదండి. మా గోడకి మేం ఏం తగిలించుకుంటే ఆవిడకేంటండి?" గోడ ఆవిడదే, నిజం. గోడని ఆనుకున్న నేల మాత్రం చిన్నావిడది. బిగించిన రోజున "మనదే" అయిన పెరడు, అడిగేసరికి "వాళ్ళది" అయిపోయింది. మా మెకానిక్ తల పట్టుకున్నాడు. "మనదే అంటే మనదే అనుకున్నానండి. చుట్టరికం చెబుతున్నారనుకోలేదండి."

మొదటి సర్వీసు రోజు వచ్చింది. నిచ్చెన వేసుకోనిస్తారా అని చిన్నావిడని అడిగాను. "అడగాల్సినవాళ్ళు అడిగితే ఆలోచిస్తానండి" అన్నారు. ఒక్క మాట అడగండమ్మా అని పెద్దావిడని బతిమాలాను. "ఏసీ లేకపోయినా బతుకుతాను గానీ ఆవిడని అడగనండి" అన్నారు. మెకానిక్ వెళ్ళి లోపలి జల్లెడ కడిగి, నీళ్ళ గొట్టం చూసి వచ్చేశాడు. బయటి పెట్టెని కింద వీధిలోంచి చూసి దండం పెట్టి వచ్చానన్నాడు. ఆ తర్వాతి సర్వీసూ అంతే.

ఎండలు ముదిరాయి. కూతురు అమలాపురం ఆసుపత్రిలో ప్రసవించి, పాపతో పుట్టింటికి వచ్చింది. ఆపరేషను కాన్పు, కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అప్పుడు మొదలైంది. మధ్యాహ్నం అయ్యేసరికి ఏసీ చల్లబడటం మానేసేది. కాసేపు తిరిగి ఆగిపోయేది. పెద్దావిడ ఫోనులో గొంతు మారిపోయింది. "పసిగుడ్డుకి ఒళ్ళంతా చెమటకాయలండి. పాలు తాగడం లేదండి. మా అమ్మాయి ఏడుస్తోందండి. మీరు అమ్మిందేనండి ఇది, ఎలాగోలా చూడండి." అటువైపు పిల్ల ఏడుపు వినిపిస్తూనే ఉంది. ఏం చేయాలో నాకు తెలుసు, కడగాలి. ఎక్కడ నిలబడి కడగాలో తెలియదు.

"డాబా మీంచి వంగి కడిగేస్తానండి" అన్నాడు మా పెద్ద మెకానిక్. ఆయన వయసుకి అది తగని పని. వద్దన్నాను. "ఆయనగారిని అక్కడ కూర్చోబెట్టింది నేనేనండి" అని పైపు చుట్ట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అక్కడ జరిగింది ఆయన తర్వాత చెప్పినదే. నడుముకి తాడు కట్టుకుని, పిట్టగోడ మీద బోర్లా పడుకుని, ఒక చేత్తో పైపు పట్టుకుని కిందికి వంగాడట. పెద్దావిడ పైన ఆయన కాళ్ళు పట్టుకుని దేవుళ్ళందరినీ పిలుస్తున్నారు. ఇంతలో చిన్నావిడ బట్టలు తీయడానికి పెరట్లోకి వచ్చి తలెత్తి చూశారు. గోడకి తలకిందులుగా ఒక మనిషి.

"ఏవండీ మెకానిక్‌గారూ! ఏంటండి ఆ పని? పడితే ఏవవుతుందండి? దిగండి ముందు!"

"దిగితే పని అవదండి. పసిపిల్ల ఉందండి లోపల."

పాప పుట్టిన సంగతి ఊరందరికీ తెలుసు, చిన్నావిడకీ తెలుసు. గోడ అవతల ఏడుపు రోజూ వింటూనే ఉన్నారు. "మా దొడ్డిగుమ్మంలోంచి రండి" అన్నారు. ఆయన వెళ్ళేసరికి కొబ్బరి దింపులకి వాడే నిచ్చెన గోడకి ఆనించి ఉంది. ఆవిడే గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. పెరటి కుళాయికి పైపు తగిలించి ఇచ్చారు. రేకుల మధ్యనుంచి బురద నీళ్ళు కారుతుంటే చూసి, "ఇంత మట్టి మింగి ఎలా ఊపిరి తీసిందండి ఇది?" అన్నారట. ఏసీ మళ్ళీ బతికింది. వెళ్ళేటప్పుడు ఆవిడ నెమ్మదిగా అడిగారట, దీన్ని ఎప్పుడెప్పుడు కడగాలండి అని.

మర్నాడు నా బల్ల మీద ఫోను మోగింది.

"బయటి పెట్టె వాళ్ళమండి."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాపుకోవడం కష్టమైంది. ఇక నుంచి తనే కడుగుతానన్నారు చిన్నావిడ. మీ మనిషి అంత దూరం నుంచి ఎందుకు, కుళాయి పక్కనే ఉంది, మొక్కలకి ఎలాగూ నీళ్ళు పెడతాను, నిచ్చెన నాలుగు మెట్లెక్కితే పైపు అందుతుంది అన్నారు. "ఆవిడకి చెప్పకండి" అని కూడా అన్నారు.

చెప్పకపోతే కుదరదు. నీళ్ళు కొట్టేముందు లోపల మెయిన్ స్విచ్ ఆపి తీరాలి. తిరుగుతున్న పెట్టె మీద, కరెంటు ఉండగా నీళ్ళు కొట్టకూడదు. ఆ స్విచ్ పెద్దావిడ గదిలో, కిటికీ పక్కన ఉంది. ఇద్దరికీ నడుమ ఒక గోడే ఉంది, కిటికీ తీస్తే చేయి అందేంత దూరం. కానీ కిటికీ తియ్యరు. అది ఏసీ రాకముందు నుంచీ మూసే ఉంటుందట.

అందుకని ఆ ఇంటి ఏసీకి నేను వేసిన ప్రణాళిక ఏ కంపెనీ పుస్తకంలోనూ ఉండదు. లోపలి జల్లెడ పెద్దావిడ కడుగుతారు. బయటి రేకులు చిన్నావిడ కడుగుతారు. కడిగే రోజున చిన్నావిడ నాకు ఫోను చేస్తారు. నేను పెద్దావిడకి చేసి మెయిన్ ఆపమంటాను. ఆపేమండి అంటారు. నేను చిన్నావిడకి చేసి కడుక్కోండి అంటాను. అయిపోయేక చిన్నావిడ మళ్ళీ నాకు, నేను మళ్ళీ పెద్దావిడకి. ముమ్మిడివరం అవతల గోడకి అటూ ఇటూ ఉన్న ఇద్దరు తోడికోడళ్ళ మాట అమలాపురం వచ్చి వెళ్ళేది. గ్యాస్, గొట్టాలు, కరెంటు పని మాత్రం మా మెకానిక్ వెళ్ళినప్పుడు చూసేవాడు. నిచ్చెన మాత్రం ఆయనకి ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

మొదట్లో ఏసీ మాటలే. తర్వాత తర్వాత ఇంకేవో కలిసేవి.

"కడగడం అయిందండి. మెయిన్ వేసుకోమనండి. పాప రాత్రంతా ఏడుస్తోందేంటో అడగండి. తల్లికి వాము పెడుతున్నారో లేదో."

నేను ఉన్నదున్నట్టు పెద్దావిడకి చెప్పేదాన్ని.

"పెడుతున్నామని చెప్పండి ఆవిడకి. మాకు తెలీదేంటండి?" అనేవారు. ఆ వెంటనే, "మొన్న గుమ్మంలో బాలింతకని మునగాకు కట్ట ఎవరు పెట్టేరో కనుక్కోండి" అనేవారు.

"నాకేం తెలుసండి" అనేవారు చిన్నావిడ.

షాపులో అందరికీ ఇది వినోదమైపోయింది. నా ఫోను మోగితే చాలు, లెక్కలు చూసే ఆయన కూడా కలం పక్కన పెట్టేవాడు. ఒకసారి మునగాకు సంగతి మాట్లాడుతుండగా ఓనరుగారు వెనక నిలబడి అంతా విన్నారు. కోప్పడతారనుకున్నాను. "మేడమ్, ఇది మన వారంటీలోకి వస్తుందా?" అని అడిగి వెళ్ళిపోయారు.

ఇక ఆ రోజు. పెద్దావిడ తనంతట తాను ఫోను చేశారు, మంచి హుషారుగా ఉన్నారు.

"వచ్చే వారం పాపకి బారసాల పెట్టుకున్నామండి. ఆ పొద్దున్న పెట్టె కడగొద్దని చెప్పండి ఆవిడకి. చుట్టాలుంటారు, ఏసీ ఆపడం కుదరదు."

"ఆయ్, చెబుతానండి."

"పనిలో పని, రమ్మని కూడా చెప్పండి."

అలాగేనండి అనబోయాను. ఎందుకో ఆగిపోయాను. ఇన్నాళ్ళూ ఏది చెప్పమంటే అది చెప్పాను. ఈ మాట మాత్రం నా నోట్లోంచి వెళ్ళకూడదనిపించింది.

"అమ్మా, మెయిన్ ఆపమని చెప్పడం నా డ్యూటీయేనండి. బారసాలకి పిలవడం నా డ్యూటీ కాదండి. మీరే వెళ్ళి పిలవండి."

ఒక్కసారిగా వచ్చింది, ఎన్నేళ్ళనాటి కోపమో.

"నన్నెలా పిలిచిందో తెలుసాండి మీకు? వాళ్ళు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసుకుంటూ, పక్కనే ఉన్న నాకు, బొట్టు పెట్టి పిలవలేదండి. కార్డు ఆటో అతనికిచ్చి పంపింది! నేను ఆ ఇంటి పెద్దకోడల్నండి. ఆటోలో వచ్చిన పిలుపుకి నేను వెళతానా?"

మాటల్లేకపోవడానికి కారణం నాకు తెలిసింది అప్పుడే. అయ్యో అనాల్సింది. ఓనరుగారైతే ముందు సారీ చెప్పమనేవారు. నా నోరు ఊరుకోలేదు.

"ఇప్పుడు మీరు ఏసీ షాపుకిచ్చి పంపుతున్నారు కదండీ."

ఫోను పెట్టేశారు.

మా పెద్ద మెకానిక్ అప్పుడు గదిలోనే ఉన్నాడు. "పోయిందండి చెల్లెమ్మగారూ, కస్టమరు పోయింది" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. రెండిళ్ళు పోయాయనిపించింది. వయసులో నాకన్నా పెద్దావిడ, బాలింత ఉన్న ఇల్లు, నేనెవర్ని అలా అనడానికి? బారసాల పొద్దున్న కడగొద్దన్న మాట మాత్రం చిన్నావిడకి చేరవేద్దామని ఆ సాయంత్రం చేశాను. ఎత్తలేదు. కాసేపాగి మళ్ళీ చేశాను, ఎత్తలేదు.

బారసాల రోజు గడిచిపోయింది. మామూలుగా కడిగే రోజు కూడా వచ్చింది. ఫోను రాలేదు. నేనే చేశాను. చిన్నావిడ ఎత్తలేదు. పెద్దావిడా ఎత్తలేదు. అప్పుడు పట్టుకుంది నాకు భయం. మాట పడిపోతే పడిపోయింది. చిన్నావిడ పట్టుదల మనిషి, కడగాలనుకుంటే కడిగేస్తారు. మెయిన్ ఎవరు ఆపుతారు? తడి నిచ్చెన మీద, చేతిలో పైపుతో, కరెంటు ఉన్న పెట్టె ముందు ఆవిడ నిలబడినట్టు కళ్ళకి కట్టింది. ఇంత బతుకూ మెట్ల కింద గదిలోంచి కదలని దాన్ని, చెప్పులేసుకుని బయటికి వచ్చి, "పదండి" అన్నాను మెకానిక్‌తో. ఆయన బండి వెనక కూర్చుని, దారి పొడుగునా ఇద్దరి నంబర్లూ మార్చి మార్చి నొక్కుతూనే ఉన్నాను.

వాళ్ళ వీధిలో బండి ఆగగానే దొడ్డిగుమ్మం వైపు పరిగెత్తాను. నిచ్చెన మీద చిన్నావిడే, నాలుగో మెట్టు మీద, చేతిలో పైపు. అరవబోయాను. అంతకుముందే ఆవిడ అరిచారు.

"మెయిన్ ఆపేవా అక్కా?"

మూసి ఉండాల్సిన కిటికీ బార్లా తెరిచి ఉంది. లోపల ఊచలకి ముఖం ఆనించి పెద్దావిడ. ఒళ్ళో పాప.

"ఆపేనే! కడుగు. ఆ కుడివైపు మూల మొన్న వదిలేసేవు, చూసుకో."

"నువ్వొచ్చి కడుగు మరి."

నేను గుమ్మంలో నిలబడిపోయాను. రొప్పు తగ్గలేదు. ఇద్దరూ నన్ను చూశారు. ఎప్పుడూ చూడని మనిషిని కదా.

"ఎవరు కావాలండి?" అన్నారు చిన్నావిడ, నిచ్చెన మీంచే.

"ఎవరూ వద్దండి. నేను... షాపు నుంచి. ఫోను..."

గొంతు గుర్తుపట్టేసినట్టున్నారు. పెద్దావిడ కిటికీలోంచి, "అయ్యబాబోయ్, మన మేడమ్‌గారే!" అన్నారు. చిన్నావిడ పైపు వదిలేసి దిగారు. పైపు మిరప మొక్కల మీద దానంతటది తిరుగుతోంది.

ఫోన్లేమయ్యాయమ్మా అంటే, బారసాల హడావిడిలో చిన్నావిడ ఫోను నీళ్ళ గంగాళంలో పడిపోయిందట. పెద్దావిడ ఫోను పాప నిద్రపోవాలని చప్పుడు లేకుండా పెట్టి ఎక్కడో మరిచిపోయారట. పక్కనే ఉన్న మనిషితో మాట్లాడటానికి ఫోను ఎందుకులే అని ఇద్దరూ వాటి ఊసే ఎత్తలేదు.

పిలుపు సంగతి చిన్నావిడ చెప్పారు. ఆ రోజు నాకు ఫోను పెట్టేసిన సాయంత్రమే పెద్దావిడ పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని వీధి గుమ్మంలోంచి వచ్చారట.

"పిల్చిన పిలుపేనా అదండి? తలుపు తీసేసరికి, 'ఏసీ షాపావిడ చివాట్లు పెట్టింది, అందుకని వచ్చేను' అంది. నేను కూడా ఊరుకోలేదండి, 'ఆవిడ చెబితేనే వచ్చేవా?' అన్నాను. అలా మొదలెట్టి గుమ్మంలోనే ఎంతసేపు దెబ్బలాడుకున్నామోనండి, లోపల ఫోను మోగుతున్నా ఎత్తలేదు. తర్వాత కాఫీ పెట్టేను."

"పంచదార ఎక్కువేసింది" అన్నారు పెద్దావిడ.

ఆ పూట మమ్మల్ని కదలనివ్వలేదు. ఏ ఇంట్లో భోంచేయాలన్న దాని మీద మళ్ళీ ఇద్దరికీ మాటామాటా వచ్చింది. చివరికి పప్పూ వేపుడూ ఒకింట, పులుసూ పెరుగూ ఒకింట తిన్నాం. మా మెకానిక్ పెరట్లోకి వెళ్ళి, ఆ గోడని మళ్ళీ ఒకసారి తడిమి చూసి, "నీడ మాత్రం నీడేనండి" అన్నాడు.

ఆ తర్వాత కొత్త ఏసీ బిగించే ప్రతి ఇంటికీ మా వాళ్ళు వెళ్ళేముందు ఒకటి అడిగి తెలుసుకునేదాన్ని, బయటి పెట్టె దగ్గరికి వెళ్ళాలంటే ఎవరి నేల మీద నిలబడాలి, వాళ్ళకీ మీకూ మాటలున్నాయా అని. రెండో ప్రశ్నకి జనం నవ్వేవారు. కొందరు నవ్వేవారు కాదు. అలాంటి చోట ఏసీ రాగి గొట్టం పొడుగు పెంచైనా సరే, వేరే గోడ చూసేవాళ్ళం. మీరూ అడగండి. యాప్ అడగదు.

ఆ ఇద్దరి దగ్గర్నుంచి మళ్ళీ ఫోను రాలేదు. ఏసీ చక్కగా నడుస్తోందన్న మాట. సర్వీసు గదిలో కూర్చున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి? అయినా కడిగే రోజు వచ్చిందంటే నా చూపు ఫోను మీదికి పోయేది. ఒకరోజు ఉండబట్టలేక నేనే పెద్దావిడ నెంబరు నొక్కాను.

"సర్వీసు నుంచండి. ఏసీ ఎలా ఉందో కనుక్కుందామని చేశానండి."

"ఏసీకేంటండి, నిక్షేపంలా ఉంది" అన్నారు చిన్నావిడ. "మీరెలా ఉన్నారండి?"